తిట్లు లేని ఉత్తరాలు

మా అత్తగారికి రాయడం రాదు. ఆవిడ చిన్నకొడుకు, అంటే నా మరిది, యుద్ధంలో అవతలివాళ్లకు చిక్కి బందీల శిబిరంలో ఉన్న పధ్నాలుగు నెలలూ ఆవిడ చెప్పేది, నేను రాసేదాన్ని. నెలకొక్క ఉత్తరం. అచ్చు ఫారం మీద ఇరవై నాలుగు గీతలు. అంతకు ఒక్క గీత మించినా వెనక్కి పంపేస్తారు. అందుకని చెప్పిందంతా ముందు క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసుకుని, తర్వాత ఫారం మీద సాపు రాసేదాన్ని.

ఆవిడ చెప్పేది ఇలా ఉండేది: "ఒరేయ్ దున్నపోతా, తిన్నావా, చచ్చావా? పక్కింటి పిల్లి మనింట్లో నాలుగు పిల్లల్ని పెట్టింది. అచ్చం నీలాగే, పనికి దూరం, తిండికి ముందు. మీ అన్న బట్టతల అద్దంలా మెరుస్తోంది, వచ్చి దాన్లో చూసుకుని తల దువ్వుకో."

నేను సాపు రాసేది: "చిరంజీవికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఆరోగ్యం జాగ్రత్త."

బందీగా ఉన్నవాడికి 'చచ్చావా' అని ఎలా రాస్తానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజమే. ఆ ఉత్తరాలు రెండు వైపులా అధికారులు విప్పి చదువుతారని విన్నాను. డిగ్రీ చదివిన కోడలున్న ఇంట్లో మాట్లాడే తీరు ఇదా అనుకుంటారేమోనని నా బాధ. ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు నా అత్తగారి నోటికి నేను సిగ్గుపడ్డాను.

చివరిసారి అతని దగ్గర నుంచి వచ్చిన ఉత్తరంలో, "వదినా, అమ్మని ఒక్కసారి నన్ను తిట్టమను" అని ఉంది. చదివి వినిపిస్తే ఆవిడ నవ్వింది. "నెలనెలా తిడుతూనే ఉన్నాగా, వీడికి ఆనలేదేమో! రాయవే" అని ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది. కాగితం నిండిపోయింది. నేను మాత్రం ఫారం మీద, "అమ్మ నిన్ను తలచుకోని రోజు లేదు" అని రాశాను.

ఆ ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది, మీద 'మరణించాడు' అన్న రబ్బరు ముద్రతో.

మూడేళ్లయింది. మొన్న మధ్యాహ్నం ఒక రేడియో మెకానిక్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. శిబిరంలో నా మరిది పక్క మంచం అతనిదేనట. అత్తగారు కొడుకు ఫొటో తేవడానికి లోపలికి వెళ్లగానే అతను గొంతు తగ్గించాడు.

"మీరేనా టీచరమ్మ వదిన?"

గోడ మీద పటం వంకరగా ఉంటే సర్దందే కూర్చోలేనని నా మరిది నాకు పెట్టిన పేరది.

"మీ ఉత్తరాలొచ్చినప్పుడల్లా పదిసార్లు తిరగేసేవాడండీ. 'ఇవి మా అమ్మ మాటలు కావురా, మా వదిన మాటలు. అమ్మ పోయింది, నాకు చెప్పడం లేదు' అనేవాడు. ఆ రోజు రొట్టె ముట్టేవాడు కాదు." నా మొహం చూసి గబగబా అన్నాడు, "దాంతోనే పోయాడని కాదండీ. జ్వరం. చాలామందిమి పడ్డాం."

అత్తగారు ఫొటోతో వచ్చి కూర్చుంది.

"ఏం నాయనా, నా తిట్లు అందాయా వాడికి?"

మెకానిక్ నా వైపు చూశాడు. "అందాయమ్మా. పగలబడి నవ్వేవాడు."

నా ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకే తల కొట్టేసినట్టయింది.

"పిల్లి సంగతికి నవ్వాడా?"

"పిల్లా..." అని అతను మళ్లీ నా వైపు చూశాడు.

ఇంకొక్క అబద్ధం చాలు, నేను గట్టెక్కేదాన్ని. ఆవిడ మొహం చూశాక చేతకాలేదు.

"అత్తయ్యా, పిల్లి సంగతి నేను రాయలేదు. మీరు చెప్పిన ఏ తిట్టూ రాయలేదు. చదివేవాళ్లు నవ్వుతారని... మీరు లేరనుకుని పోయాడు అత్తయ్యా."

నోరు తెరిస్తే ఆగని మనిషి, ఫొటో అద్దాన్ని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. తుడిచిన చోటే తుడిచింది.

తర్వాత అడిగింది, "ఆ కాగితాలున్నాయా?"

నేను కాగితం పారేసే రకం కాదు. వంటింటి అలమరలో డబ్బాల కింద పరిచాను. పప్పుడబ్బా ఎత్తితే ఆ చివరిదే దొరికింది, మధ్యలో గుండ్రంగా నూనె మరకతో. తీసుకొచ్చి ఆవిడకి అందించబోయాను.

"నాకెందుకు? వాడి పక్కన పడుకున్నవాడు వచ్చాడుగా. చదువు."

"ఒరేయ్ దున్నపోతా," అని చదివాను. "తిన్నావా..." తర్వాతి మాట దగ్గర ఆగిపోయాను.

"ఊఁ," అంది అత్తగారు, ఫొటో మీంచి కళ్లు తియ్యకుండా. "ఉన్నదున్నట్టు చదువు. ఈసారి ఒక్క ముక్క కూడా దిద్దకు."

చదివాను.