టైర్లలో గాలి

అమెరికాలో దిగిన నాడు మోజెస్ దగ్గరున్న పెట్టుబడి రెండే రెండు విద్యలు. ఒకటి బండి నడపడం. రెండోది ఒంటేలు ఆపుకోవడం. ఒంగోలులో ఆర్టీసీ డ్రైవరుగా ఉన్నన్నాళ్లూ ఈ రెంటి మీదే బతికాడు. హైదరాబాద్ నైట్ సర్వీసును సీటు దిగకుండా లాగేసేవాడు. వెనక నుంచి ఎవరైనా "డ్రైవరు గారూ, ఒక్క నిమిషం ఆపండి" అని బతిమాలితే, "వచ్చేసిందయ్యా బస్టాండు" అనేవాడు, ఇంకా గంట దారి ఉన్నా సరే.

భార్య దెబోరా నర్సు. ఆమె ఉద్యోగం వెంట డల్లాస్ వచ్చాక మొదటి విద్య బాగానే అక్కరకొచ్చింది. వారమంతా ఇండియన్ గ్రోసరీ స్టోరుకి సరుకులు మోసే వ్యాన్, ఆదివారం తెలుగు చర్చి వ్యాన్. రెండో విద్య మాత్రం అరవై దాటగానే చేతిలోంచి జారిపోయింది. ప్రోస్టేట్ పెరిగి దారిని నొక్కేస్తోందన్నారు. రాత్రి నిద్ర పోయింది, పగలు ధైర్యం పోయింది. ఏ రోడ్డులో ఏ గ్యాస్ స్టేషన్ రెస్ట్ రూమ్ తెరిచి ఉంటుందో అతనికి కంఠతా వచ్చేసింది.

ఇప్పుడు ఆ మోజెస్ ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో నిలబడి రెండో కప్పు కాఫీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

"వ్యాన్ తీసే ముందు రెండో కప్పా?" అంది దెబోరా.

"మరి అంత తతంగం ఎందుకు చేయించావే? షోకేసులో పెట్టుకోడానికా?"

గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి మోజెస్ రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడు. అందుకని కోత వద్దని, లేజర్ అయితే రక్తం తక్కువ పోతుందని డాక్టరు చెప్పాడు. పెరిగిన కండను లోపలే వెలుతురుతో ఆవిరి చేసేస్తారట. పొద్దున వెళ్లి సాయంత్రానికి గొట్టంతో, సంచితో ఇంటికొచ్చాడు. మర్నాడు గొట్టం తీశారు. రెండు వారాలు మంట మండింది. నెల దాటేదాకా బియ్యం బస్తా ఎత్తొద్దన్నారు. ఇన్నేళ్లూ తను మోసిన సిగ్గును దీని పక్కన పెట్టి తూచి చూసుకుంటే, ఇంత చవక బేరం జన్మలో చేయలేదనిపించింది మోజెస్‌కి. ఇవాళే మళ్లీ చర్చి వ్యాన్ ఎక్కడం.

"దైవాశీర్వాదం మాస్టారి కోడలు ఫోన్ చేసింది," అంది దెబోరా. "మొన్న మాల్‌లో ఆయన ప్యాంటు తడుపుకున్నారట, పాపం. అప్పట్నుంచి ఆదివారం తప్ప గడప దాటట్లేదట. ఇవాళ చర్చిలో వాక్యం చదవమన్నారు కదా, పొద్దున్నుంచీ ఒకటే కంగారట. ఇంకోసారి అలా జరిగితే టికెట్ బుక్ చేయించుకుని తెనాలి వెళ్లిపోతానంటున్నారట."

"నేనెళ్లిన డాక్టరు దగ్గరికి పంపొచ్చుగా?"

"విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులు కవర్ చేయరండీ."

మోజెస్ కప్పు కడిగి బోర్లించాడు. పాపం మాస్టారిని ఇవాళ ఎక్కడా ఆపకుండా, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా చర్చిలో దించాలి అనుకున్నాడు. ఆ లెక్క అతనికి చాలా సబబుగా తోచింది.

డల్లాస్ శివారు కాపెల్‌లో ఇంటింటి ముందూ వ్యాన్ ఆగింది. కొడుకుల దగ్గరికీ కూతుళ్ల దగ్గరికీ ఆరు నెలలకని వచ్చిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే ఎక్కారు. శేషమ్మ గారు బైబిలు సంచితో ముందు సీట్లో సర్దుకుంది. మాస్టారు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు ఇస్త్రీ మడత నలగకుండా కూర్చున్నారు. తెనాలిలో ఆయన ప్రార్థనకు నిలబడితే స్కూలంతా గప్‌చుప్. ఇక్కడ కొడుకింట్లో ఆ గొంతుతో టీవీ రిమోట్ ఎక్కడుందని అడగడమే మిగిలింది. ఇవాళ మళ్లీ అది నలుగురి ముందు పలకాలి.

చర్చి మెస్కీట్‌లో, ఊరికి అవతలి కొస. దారి మధ్యలో, ఫ్రీవే దిగే మలుపు దగ్గర ఒక గ్యాస్ స్టేషన్ ఉంది. ప్రతి ఆదివారం మోజెస్ అక్కడ వ్యాన్ ఆపి, "టైర్లలో గాలి చూసుకొస్తా" అనేవాడు. నేరుగా రెస్ట్ రూమ్‌కి వెళ్లేవాడు. వచ్చేటప్పుడు కౌంటర్లో ఒక పెప్పర్మింట్ ప్యాకెట్ కొనేవాడు. ఒకరి కొట్టులో మన పని చూసుకుని ఉత్త చేతులతో రావడం అతనికి కిట్టదు. షుగరుంది కాబట్టి తినేదీ లేదు. డ్యాష్‌బోర్డు అరలో పడేసేవాడు. ఆలోగా పెద్దవాళ్లు కూడా కాళ్లు సాగదీసుకుంటామంటూ దిగి వచ్చేవారు.

ఇవాళ ఆ మలుపు వచ్చింది, వెళ్లిపోయింది. మోజెస్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"మోజెస్," అన్నారు మాస్టారు వెనక నుంచి. "టైర్లలో గాలి..."

"ఫుల్లుగా ఉంది మాస్టారూ. ఇవాళ నాన్‌స్టాప్!"

కాస్త దూరం పోగానే ముందు కార్ల ఎర్ర దీపాలు వరసగా వెలిగాయి. ఎక్కడో యాక్సిడెంట్. వ్యాన్ పాకడం మొదలుపెట్టింది. శేషమ్మ గారు పాడుతున్న కీర్తన సగంలో ఆగిపోయింది. మోజెస్ అద్దంలోకి చూశాడు. మాస్టారు మోకాళ్లు దగ్గరికి నొక్కుకుని, ముందు సీటు కమ్మీ పట్టుకుని, కిటికీ బయట కనబడిన ప్రతి బోర్డునూ పెదాలు కదుపుతూ చదువుతున్నారు. నుదురు తడిసింది.

ఆ చదవడం ఏమిటో మోజెస్‌కి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. బోర్డులు చదువుకుంటూ తను ఈ రోడ్డు ఎన్నిసార్లు దాటాడో. ఎప్పటివో గొంతులు కూడా వినబడ్డాయి. ఒక్క నిమిషం ఆపండి, డ్రైవరు గారూ.

ఇండికేటర్ వేశాడు. హారన్లు మోగుతుండగా రెండు లేన్లు అడ్డంగా కోసి ఎగ్జిట్ తీసుకున్నాడు. ఫ్రీవే కింద నుంచి యూటర్న్ కొట్టి, ఖాళీగా ఉన్న పక్క రోడ్డు మీద వెనక్కి, ఆ గ్యాస్ స్టేషన్ వైపు తోలాడు.

"ఏమైంది తమ్ముడూ?" అంది శేషమ్మ గారు.

"ఎడమ టైరు లాగుతోందమ్మా. ఓసారి చూడాలి."

వ్యాన్ పూర్తిగా ఆగకముందే మాస్టారు తలుపు మీద చెయ్యి వేశారు. ఆ వయసులో ఆయన అంత వడిగా నడవగలరని ఎవరూ అనుకోలేదు.

చాలాసేపటికి బయటికొచ్చారు. తెల్ల ప్యాంటు పొడిగా ఉంది. మోజెస్ టైరు పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు.

"మా కోసమే ఆపుతావని మా అందరికీ తెలుసయ్యా," అన్నారు మాస్టారు మెల్లగా. "అడగకుండా ఆపుతావు చూడూ, అది గొప్ప. నిన్ను గురించి రోజూ ప్రార్థన చేస్తాను."

మోజెస్‌కి చెవులు వేడెక్కాయి. తనది కాని సొమ్ము తన పేరున జమ అయినట్టుంది.

"మీ కోసం కాదు మాస్టారూ. నా కోసమే. నాదీ మీ జబ్బే. నెల కిందట లేజర్ చేయించుకున్నాను. అందుకే ఇవాళ ఆపలేదు."

మాస్టారు కళ్లద్దాలు పైకి తోసుకుని చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. "ఓరి నీ! ఇన్నాళ్ల ప్రార్థనలు వేస్టా? సరే, కోస్తారా?"

"కోత లేదు. ఒక్క రోజు గొట్టం, రెండు వారాలు మంట. మన వైపూ చేస్తున్నారట. వెళ్లగానే చేయించుకోండి. ఇప్పుడు నాది కుర్రాడి ధార."

"అబ్బో!" అని, చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "వ్యాన్‌లో వాళ్లకి మాత్రం చెప్పకు. టైర్ల సంగతి అలాగే ఉండనీ."

మోజెస్ లోపలికి వెళ్లి ఒక పెప్పర్మింట్ ప్యాకెట్ కొనుక్కొచ్చాడు.

చర్చికి ఆలస్యంగానే చేరారు. అయినా మాస్టారు పుల్పిట్ దగ్గర నిలబడి చదివినప్పుడు ఆయన గొంతు బయట పార్కింగ్ దాకా వచ్చింది. వ్యాన్‌కి ఆనుకుని మోజెస్ అంతా విన్నాడు.

ఆ ఆదివారం తర్వాత మోజెస్ ఆ మలుపు దగ్గర ఆగని వారం లేదు. ఒకసారి ఎడమ టైరు, ఒకసారి కుడి టైరు. ఉత్తినే వచ్చిన మంచిపేరుకి వారం వారం కిస్తీ కట్టుకున్నాడు. తెనాలి వెళ్లిన మాస్టారు కొన్ని నెలలకు ఫోన్ చేసి హలో కూడా అనకుండా, "ధార, మోజెస్, ధార!" అని కేక పెట్టారు. వ్యాన్‌లో పాత పెద్దలు వెళ్లారు, కొత్త పెద్దలు వచ్చారు. కొత్తవాళ్లకు టైర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. మూడో వారానికి వాళ్లే కనిపెట్టుకునేవారు.

మూడేళ్లు గడిచాక ఒక శనివారం, స్టోరుకి సరుకు దించి వచ్చి, కాసేపు పడుకుంటానని మోజెస్ సోఫాలో ఒరిగాడు. దెబోరా డ్యూటీ నుంచి వచ్చేసరికి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. గుండె, అన్నారు.

సమాధి అయిన మరుసటి ఆదివారం రవికాంత్ వ్యాన్ తీశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వాలంటీర్‌గా వచ్చాడు. ఆ ఏడు మళ్లీ కూతురి దగ్గరికి వచ్చిన శేషమ్మ గారు ముందు సీట్లోనే ఉంది. మలుపు దగ్గర పడుతుంటే వ్యాన్‌లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అబ్బాయ్," అంది శేషమ్మ గారు. "టైర్లలో గాలి చూసుకున్నావా?"

"పొద్దున్నే చెక్ చేశాను ఆంటీ. పర్ఫెక్ట్‌గా ఉంది."

"అయినా ఓసారి చూడు నాయనా. మోజెస్ ఇక్కడే చూసేవాడు."

రవికాంత్ అద్దంలోకి చూశాడు. వెనక సీట్లలో అందరూ అతని వైపే చూస్తున్నారు. ఎందుకో అర్థం కాకపోయినా గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పి ఆపాడు. కాళ్లు సాగదీసుకుంటామంటూ ఒక్కొక్కరే దిగారు.

గాలి కొలిచే గేజి కోసం డ్యాష్‌బోర్డు అర లాగాడు. గేజి లేదు. పెప్పర్మింట్ ప్యాకెట్లు బొలబొలా అతని ఒళ్లోకి, సీటు మీదికి, కాళ్ల దగ్గరికి రాలాయి. పాతబడి రంగు వెలిసినవి, కొత్తగా మెరుస్తున్నవి, ఒక్కటీ చించనివి.