కోడి కెలికిన కుట్టు

ఆదివారం మధ్యాహ్నం నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని కుట్టుమిషన్ ముందు కూర్చునేసరికి మా అమ్మాయీ, మరిదీ వాదనలో మునిగి ఉన్నారు. అప్పుడే టీవీలో సినిమా అయింది. ఒకడు వరసగా ఆడపిల్లల్ని చంపుతూ పోయే కథ.

“ఇదేం సినిమానే! మొదలెట్టిన దగ్గర్నుంచీ వాన, చీకటి, శవాలు. ఆ ఊళ్లో ఒక్క ఇంటికీ కరెంటు లేదా?” అన్నాడు మరిది.

“నిజం అలాగే ఉంటుంది బాబాయ్. నీకు చివర్లో పెళ్లి జరిగితేనే సినిమా.”

“మూడో శవానికే నాకు ఆవలింతలొచ్చాయి. ఆ పిల్లని తీసేస్తే కథ బిగువుగా ఉండేది.”

“అది ఒప్పుకుంటాలే. ఆ చెల్లెలి సీనైతే మరీ అన్యాయం. పోలీసులు చూపించిన ఉంగరం చూడగానే అక్కదేనని తెలిసింది. అయినా ఇంట్లో నోరు విప్పదట! ఎవరైనా అలా చేస్తారా? రాసినవాడికి తోబుట్టువులు లేరేమో.”

ఇద్దరూ నవ్వారు. మిషన్ మీద నా కాలు ఆగిపోయింది.

మా అక్క జ్వరంతో పోయిందని మా అమ్మాయికి చెప్పాను. పెళ్లప్పుడు అత్తవారికీ అదే చెప్పాం. పాతికేళ్లుగా ఆ అబద్ధానికి దేవుణ్ణి క్షమాపణ అడుగుతూనే ఉన్నాను, అబద్ధం మాత్రం మానలేదు. ఇప్పుడు చెబితే నా కూతురు నన్ను ఏ కళ్లతో చూస్తుందో తెలియదు. చెప్పకపోతే ఆ నవ్వు మా అక్క మీద అలాగే ఉండిపోతుంది.

“చేస్తారు,” అన్నాను. “నేను చేశాను.”

“నువ్వెప్పుడు సినిమాల్లో చేశావు వదినా?” అన్నాడు మరిది. నా ముఖం చూసి టీవీ కట్టేశాడు.

“మీ పెద్దమ్మ జ్వరంతో పోలేదే. ఒకడు చంపాడు. అంతకుముందు ఇద్దర్ని చంపాడు. తను మూడోది.”

ఇక ఆగకుండా చెప్పుకుపోయాను.

అక్క కనబడకుండా పోయిన నాలుగో రోజు పోలీసు ఒక గౌను తెచ్చాడు. శవం దొరికింది గానీ ముఖం గుర్తుపట్టేలా లేదన్నాడు. గౌను రంగు అక్కదే, కానీ ఆ గుడ్డ బజారంతా దొరికేది. అమ్మ దర్జీ. ఆమె రంగు చూడదు, కుట్టు చూస్తుంది. అంచు తిరగేసి హెమ్మింగు చూసింది. కోడి కెలికినట్టుంది.

“మా పెద్దది చచ్చినా ఇలా కుట్టదు,” అంది. పోలీసును పంపేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కంచం ముందు కూర్చుంది.

ఆ అంచు కుట్టింది నేను. అక్క తొందరలో ఉంటే, “నేను వేస్తాలే” అని లాక్కుని మరీ వేశాను.

“మరి వెంటనే చెప్పలేదేం అమ్మా?” అంది మా అమ్మాయి.

“అమ్మమ్మ తింటోంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి. తిననీలే, తర్వాత చెబుదామనుకున్నా. సాయంత్రం అక్క వస్తుందని దాని పక్క దులిపి దుప్పటి మార్చింది. పొద్దున చెబుదామనుకున్నా. అలా రెండు రోజులు.”

“ఎలా చెప్పావు చివరికి?”

“నోరు రాలేదు. ఒక పాత గుడ్డ మీద అదే హెమ్మింగు వేసి అమ్మమ్మ ఒళ్లో పెట్టాను.”

అమ్మ ఆ కుట్టు మీద బొటనవేలు పోనిచ్చింది. ఈ కొస నుంచి ఆ కొసకి. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ రోజు నుంచి పోయేదాకా మళ్లీ దేవుడితో మాట్లాడలేదు. అప్పటినుంచి ఆమె వాటా దణ్ణం కూడా నేనే పెడుతున్నాను. అమ్మకి ఆ రెండు రోజులు ఇచ్చానా, ఆమె దగ్గర్నుంచి దేవుణ్ణి లాక్కున్నానా అని రోజూ అడుగుతాను. ఆయన ఇంతవరకూ చెప్పలేదు.

మరిది తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు. మా అమ్మాయి వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించింది.

“పెద్దమ్మ ఎలా ఉండేదమ్మా?”

పాతికేళ్లలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. చెప్పబోయాను. ముందు ఆ గౌను అంచే కళ్ల ముందుకొచ్చింది. దాన్ని పక్కకి నెట్టి ముఖం కోసం వెతుకుతున్నాను. మా అమ్మాయి ఓపిగ్గా ఎదురుచూస్తోంది.