ఒత్తు లేని ద

మా ఆవిడ పోయిన రోజు పొద్దున కూడా బ్యాటరీలు రెండూ వెనక వసారాలో చార్జింగులోనే ఉన్నాయి. తనే పెట్టింది. టీ చల్లారిపోతోందని నేను పిలిస్తే, బ్యాటరీ మూత విప్పి లోపలి నీళ్ళు చూస్తూ, "దీనికి దాహమేస్తోందేమో చూసి వస్తా" అంది. మధ్యాహ్నం మేమిద్దరం పనిచేసే బడిలో, ప్రయోగశాల బల్ల దగ్గర గాజు గొట్టాలు తుడుస్తూ, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది. నేను పై అంతస్తులో ఎనిమిదో తరగతికి సంధులు చెబుతున్నాను. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. వసారాలో చార్జర్ల దీపాలు రెండూ పచ్చగా వెలుగుతున్నాయి. అంటే బ్యాటరీలు నిండాయని. ఎవరో చుట్టాలు స్విచ్చి కట్టేశారు.

మాకొక చిన్న పడవ ఉంది. ఇద్దరు హాయిగా, ముగ్గురైతే మొహమాటంగా కూర్చోగలిగేంత. దాని వెనక బిగించే కరెంటు మోటారు తన సరదా. చప్పుడు చేయదు కాబట్టి చేపలు బెదరవు. రెండు బ్యాటరీలు కలిస్తేనే అది తిరుగుతుంది. ఒకటి మోటారు పక్కన, రెండోది బరువు సరిపోవడానికి పడవ ముందు భాగంలో. వెళ్ళొచ్చిన ప్రతిసారీ వాటిని ఇంటికి తెచ్చి చార్జింగు పెట్టాలి, మళ్ళీ తీసుకెళ్ళి తీగలు కలపాలి. మోయడం నా వంతు, కలపడం తన వంతు. జలాశయం మధ్యకి వెళ్ళాక తను గాలం వేసేది, నేను పుస్తకం తెరిచేవాణ్ణి.

చివరిసారి వెళ్ళినప్పుడు లంగరు రాళ్ళలో చిక్కుకుంది, అవతలి గట్టు దగ్గర నల్ల బండ కింద. పాత పెయింటు డబ్బాలో సిమెంటు పోసి తను చేసుకున్న లంగరు. ఎంత లాగినా రాలేదు. మోటారుతో లాగడానికి చార్జి చాలదని, తాడు కొసకి ఖాళీ తెల్ల డబ్బా ఒకటి కట్టి నీళ్ళలో వదిలేసింది.

"ఎక్కడికి పోతుందిలే. మళ్ళీ వచ్చినప్పుడు తీద్దాం" అంది.

ఆ తెల్ల డబ్బా ఇవతలి గట్టు మీంచి కనిపిస్తుంది. బడి అయ్యాక వెళ్ళి కాసేపు చూసి వచ్చేవాణ్ణి. త్వరగా ఇంటికి వెళ్ళినా తాళం నేనే తీసుకోవాలి.

బ్యాటరీలను వాడకపోయినా లోపలి చార్జి కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. మధ్యమధ్య మళ్ళీ నింపకపోతే మొత్తానికే పాడవుతాయి. ఇదంతా తను చెప్పిందే. అయినా నేను చార్జింగు పెట్టలేదు. అందులో ఉన్నది తను నింపింది. మళ్ళీ పెడితే ఏది పాతదో ఏది కొత్తదో ఎవరూ చెప్పలేరు. అది అయిపోకముందే, దానితోనే వెళ్ళి, ఆ లంగరు తెచ్చుకోవాలి. అంతకు మించి నాకు వేరే కోరిక లేదు. వానలన్నాను, పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను. నెలలు గడిచాయి.

"ఋణం తీరిపోయింది మాస్టారూ, ఏం చేస్తాం" అని చాలామంది అన్నారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. ఆ మాటకి తలూపాను.

ఒక సెలవురోజు పొద్దున్నే బావమరిది వచ్చాడు. బస్సు డ్రైవరు. మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు.

"బావా, గడ్డం నువ్వు పెంచుతున్నావా, అదే పెరుగుతోందా?"

"అదే."

"అక్క పడవ సంగతేంటి?"

"లంగరు ఉండిపోయింది. తేవాలి."

"తేవాలంటే తెద్దాం పద. దానికి ముహూర్తం పెట్టించాలా?" వసారాలోకి వెళ్ళి బ్యాటరీ ఎత్తబోయి, మళ్ళీ దింపాడు. "అమ్మో. ఇది అక్క మోసేదా?"

"నేను మోసేవాణ్ణి."

"అదన్నమాట నీ నడుం కథ. చార్జింగుందా?"

"ఉంది."

"ఎప్పటిది?"

"ఉందిలే."

వాడు నా మొహం చూసి, మళ్ళీ బ్యాటరీ ఎత్తాడు.

గట్టు దగ్గర పడవ మీద పట్టా తీశాం. మోటారు నుంచి వచ్చే తీగలు రెండూ నల్లవే. ఎరుపు దొరకలేదని తను రెండింటికీ నల్లవే వేసి, కొసలకి తెల్ల టేపు చుట్టి అక్షరాలు రాసుకుంది. పొట్టి తీగకి టేపు ఉంది, పొడుగు తీగది ఊడిపోయింది. ఉన్న టేపు మీద గుండ్రంగా ఒకటే అక్షరం. ద.

తన దస్తూరీ చక్కగా ఉంటుంది, ఒత్తులు మాత్రం ఉండవు. భోజనం బోజనమే, ధనియాలు దనియాలే. సరుకుల చీటీ చేతికిస్తే ఎర్ర పెన్నుతో ఒత్తులు పెట్టి మరీ బజారుకి వెళ్ళేవాణ్ణి. "ఒత్తు పెట్టావని కొట్టువాడు ఎక్కువ తూస్తాడా?" అనేది. ప్లస్సుని ధనమనీ మైనస్సుని ఋణమనీ పాఠంలో ఉన్నట్టే పిలిచేది. కాబట్టి ఇది ఒత్తు మర్చిపోయిన ధ. ధనం. అందులో నాకు అనుమానమే రాలేదు. పొట్టి తీగని పక్కనున్న బ్యాటరీ ప్లస్సుకి బిగించాను. పొడుగు తీగని ముందు బ్యాటరీ మైనస్సుకి బిగించి, మిగిలిన రెండు కొసల్నీ మధ్య తీగతో కలిపాను.

బావమరిది పడవని గట్టు నుంచి తోసి ఎక్కాడు. నేను పిడిని ముందుకి తిప్పాను. పడవ మెల్లగా, మర్యాదగా వెనక్కి వెళ్ళి గట్టుకి తగిలింది.

"బావా, నా సర్వీసులో ఇంత మెత్తగా రివర్సు తీసిన డ్రైవర్ని చూడలేదు."

"ముందుకే తిప్పాను."

"నాకు చెబితే ఏం లాభం, పడవకి చెప్పు. పోనీ వెనక్కి తిప్పి చూడు, ముందుకెళ్తుందేమో. ఇన్నేళ్ళూ అక్క దగ్గర నెగ్గుకొచ్చింది అలాగేగా."

నాకు నవ్వొచ్చింది. వాడూ నవ్వాడు.

తీగలు విప్పడానికి ముందుకు వంగితే, చెక్క అంచు కింద ఊడిపోయిన టేపు ముక్క అంటుకుని ఉంది. దాని మీద "దూ" అని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. తీగలు బిగిస్తూ తనలో తను అనుకునేది: "మన సంసారంలాగే. ధనం దూరం, ఋణం దగ్గర." ద అంటే దగ్గర బ్యాటరీ. దూ అంటే దూరపు బ్యాటరీ. ఆ ద కి ఒత్తు లేదు, ఉండకూడదు కూడా. లేని ఒత్తు నేను పెట్టి చదువుకున్నాను.

పొట్టి తీగ దగ్గరి మైనస్సుకి, పొడుగుది దూరపు ప్లస్సుకి, మధ్య తీగని మిగిలిన కొసలకి మార్చి బిగించాను. ఈసారి పడవ ముందుకి కదిలింది. చప్పుడు లేదు. వెనక నీళ్ళ మీద సన్నటి గీత మాత్రం పడుతోంది. తెల్ల డబ్బా దగ్గరయ్యే కొద్దీ దాని మీద పట్టిన నాచు, పక్కనున్న సొట్ట కనిపించాయి. తర్వాత అవి ఎంతసేపు చూసినా అంతే దూరంలో ఉన్నాయి. మోటారు ఆగిందని తెలియడానికి కాస్త సమయం పట్టింది. నడిచేటప్పుడూ చప్పుడు లేదు కదా.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"దగ్గరే బావా. తెడ్డేసుకుని వెళ్దాం."

"వెళ్ళొచ్చు. లంగరు రాదు. అటువైపుకి వెళ్ళి మోటారుతో లాగితేనే రాయి వదులుతుంది. మీ అక్క అదే చెప్పింది."

"అక్క చెప్పిందా. అయితే ఇంక మాట్లాడేదేముంది" అని పడవని ఇవతలి గట్టు వైపు తిప్పడానికి తెడ్డు అందుకున్నాడు.

సాయంత్రం వాడు డ్యూటీకి వెళ్ళిపోయాడు. బ్యాటరీలు వసారాలో పెట్టి చార్జర్లు తీశాను. వాటిని తను పోయిన రోజు తర్వాత నేను ముట్టుకోలేదు. వాటి తీగల కొసలకున్న పట్టుకార్లకీ తెల్ల టేపు ఉంది. ఒకదాని మీద ఋ. ఇంకోదాని మీద ధ. కింద ఒత్తు ఉంది, ఎర్ర సిరాతో, రెండుసార్లు దిద్దినట్టు. నా పెన్నే అయి ఉండాలి. ఎప్పుడు రాసిందో తెలియదు.

ధ ని ప్లస్సుకి తగిలించాను. ఋ ని మైనస్సుకి. స్విచ్చి వేశాను.

తెల్లారేసరికి దగ్గరి బ్యాటరీ చార్జరు పచ్చదీపం చూపించింది. రెండోదానికి ఎర్రదీపం కొట్టుకుంటూనే ఉంది. తీసి మళ్ళీ పెట్టినా అంతే. బావమరిదికి ఫోను చేశాను.

"అదింక తీసుకోదు బావా. మా డిపోలో బస్సులకీ అంతే. ఒకటి పోతే రెండూ మార్చేస్తారు. పాతదీ కొత్తదీ జత కుదరవంట."

"రెండోది బాగానే ఉందిగా."

"బాగానే ఉంటుంది బావా. కానీ అదొక్కటే పడవని నడపలేదు."

"అలాగే" అని ఫోను పెట్టేశాను.

బాగున్నదాన్ని అప్పుడప్పుడూ చార్జింగు పెడుతున్నాను. దానికి జత ఇంకా తేలేదు. లంగరు నల్ల బండ కిందే ఉంది.