మూడు రోజుల ఏకాదశి

బ్యాటరీ గుర్తు తీసేయొద్దని భార్గవి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. రాకేష్ వింటేనా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. "పూజగదిలో బ్యాటరీ బొమ్మేంటి భార్గవీ, సెల్‌ఫోన్ షాపులాగా? క్లీన్‌గా ఉండాలి" అన్నాడు. కంపెనీ అతనిది. మాదాపూర్‌లో ఆ రెండు గదుల ఆఫీసూ అతనిదే. జీతానికి చేసే మనిషి ఎంతసేపని వాదిస్తుంది? తీసేసింది.

వాళ్లు తయారు చేస్తున్నది పూజగది గోడకు తగిలించే పంచాంగం పలక. దాని తెర ఎలక్ట్రానిక్ కాగితం. టీవీలా వెలగదు, కళ్లలో పొడవదు, అచ్చేసిన కాగితంలాగే ఉంటుంది. రోజూ తిథి మార్చుకునేటప్పుడే కాస్త కరెంటు తాగుతుంది. ఆ తర్వాత బ్యాటరీ ఊడబెరికినా పడిన అక్షరం చెరగదు. ఆ గొప్ప గురించి భార్గవి చెప్పని మనిషి లేడు. తెల్లాపూర్‌లో విల్లాలు కడుతున్న రంగనాథ్ గారికి అది తెగ నచ్చేసింది. ఇంటికొకటి పెట్టిస్తానన్నాడు. సోమవారం వచ్చి ఖాయం చేస్తాడు.

ఆ గుర్తు లేకుండా తయారైన మొట్టమొదటి పలక నల్లగండ్లలో భార్గవి ఇంట్లోనే ఉంది. అత్త చెన్నమ్మ కళ్లద్దాలు లేకుండా చదువుకోవాలని తిథిని అరచేయంత అక్షరాల్లో పెట్టింది. తేదీ మాత్రం అడుగున ఎక్కడో చీమంత. అది వచ్చిన రోజే చెన్నమ్మ గోడ క్యాలెండర్‌ని అటక మీదకు విసిరేసింది. కడప నుంచి వచ్చిన ప్రతి చుట్టానికీ "మా కోడలు చేసిండేది" అని చూపించేది.

శనివారం ఏకాదశి. ఆ రోజు చెన్నమ్మ పాలూ నీళ్లూ తప్ప ముట్టదు. ద్వాదశి వస్తేనే మెతుకు. షుగరున్నదానివి, ఎందుకత్తా అంటే వినదు. కొడుకు భరత్ చెబితే వినేదేమో గానీ, అతను ఆఫీసు పని మీద పుణె వెళ్లాడు. రంగనాథ్ గారికి చూపించాల్సిన పలకలతో తల ప్రాణం తోకకొచ్చి, భార్గవి ఆదివారం కూడా ఆఫీసుకు బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ "తిన్నావా అత్తా?" అంది.

"ఈ పొద్దు గూడా ఏకాదశే మ్మా. రెండు దినాలు పట్టినట్టుండాది."

భార్గవి పలక వైపు చూసింది. ఏకాదశి అనే ఉంది. ఒక్కోసారి ఏకాదశి రెండు రోజులు రావడం ఆమెకూ తెలిసిందే. సరేనని చెప్పులేసుకుంది.

సోమవారం తెల్లారకముందే ఆఫీసుకొచ్చి బల్ల మీద పలకలు సర్దుతుంటే ఇంట్లో పనిచేసే సత్తెమ్మ ఫోన్ చేసింది.

"మేడం, పెద్దమ్మ కండ్లు తిరిగి కింద కూసున్నది. శనివారం సంది ఏం తినలేదంట. చక్కెర నీళ్లిచ్చిన. మీరు జర జల్ది రాండ్రి!"

కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగిన చోటే ఆగిపోయింది. భార్గవి సిగ్నల్‌నూ, ఆటోనూ, అత్తనూ, రాకేష్‌నూ వరసపెట్టి తిట్టుకుంది. ఇల్లు చేరేసరికి చెన్నమ్మ గోడకు ఆనుకుని, సత్తెమ్మ కలిపిచ్చిన రాగిజావ తాగుతోంది. వేలి నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూస్తే గండం గడిచినట్టే ఉంది. భయం పోగానే భార్గవికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మూడు రోజుల ఏకాదశి ఎక్కడైనా ఉంటుందా అత్తా? ఇన్నేళ్లుగా ఉపవాసాలు చేస్తున్నావే!"

"నాకూ అనుమానమే. ద్వాదశి అని పడితే తిందామని దాని తట్టే చూస్తా కూసోనుండా."

భార్గవి పలక తీసి వెనక మూత విప్పింది. బ్యాటరీ శనివారమే చచ్చిపోయింది. లోపల ప్రాణం లేదు, ముఖాన మాత్రం ఏకాదశి నిగనిగలాడుతోంది. అన్నీ తెలిసి తయారు చేసిన తనే నిన్న దాన్ని చూసి తల ఊపి వెళ్లిపోయింది! సిగ్గుతో చచ్చిపోయింది. బ్యాటరీ సంగతి అత్తకు చెప్పేసింది. చెన్నమ్మ "సరేలే" అని జావ గిన్నె పక్కన పెట్టి, మోగుతున్న తన ఫోన్ అందుకుంది.

ఈలోగా రాకేష్ ఫోన్. రంగనాథ్ గారు దారిలో ఉన్నారట.

"ఆ గుర్తు మళ్లీ పెట్టాల్సిందే" అంది భార్గవి. "బ్యాటరీ అయిపోయే ముందు, మిగిలిన కాస్త ఊపిరితో తెరంతా తెల్లగా తుడిచేసుకోవాలి."

"తెల్లగా ఉంటే చచ్చినట్టు కనిపిస్తుంది భార్గవీ!"

"చచ్చినప్పుడు చచ్చినట్టే కనిపించాలి."

"ఒక్క ఇంట్లో ఏదో అయిందని... పోనీ, మీ అత్తగారేమైనా కంప్లైంట్ చేశారా?"

గోడ దగ్గర చెన్నమ్మ తన ఫోన్‌లో కడపలోని అక్కతో మాట్లాడుతోంది. "యండకు కండ్లు తిరిగినాయి లే అక్కా, ఇంకేం లేదు. పలకా? దానికేమి, బాగుండాది. మా కోడలు చేసిండేది తప్పు చెప్తాదా?"

భార్గవి పలక వెనక మూత మళ్లీ బిగించింది.

"చేయలేదు రాకేష్. అదే నా ఏడుపు. ఆయన్ని కూర్చోబెట్టు, వస్తున్నా. ఇదే పలక చేతికిచ్చి, ఈ రోజు తిథి చదవమంటా" అని ఫోన్ పెట్టేసింది.

పలకను సంచీలో పెట్టుకోవడం చెన్నమ్మ చూసింది.

"యాడికి తీసకపోతాండావు? మళ్లా తెస్తావు గదా?"

"తెస్తానత్తా. ముందు ఆ గిన్నె ఖాళీ చెయ్యి."