రెండో గ్లాసు

టీకి నీళ్ళు పెట్టిన ప్రతిసారీ ఖతీజాబీ చెయ్యి రెండు గ్లాసులే కొలుస్తోంది. తలాకై నాలుగు నెలలైంది, ఆ తర్వాత ఆడది ఆగాల్సిన ఇద్దత్ గడువు కూడా తీరిపోయింది. మనసుకి ఎప్పుడో తెలిసిన సంగతి ఈ చేతికి మాత్రం ఎక్కడం లేదు. వసారాలోంచి నాగూర్ పిలవనే పిలిచాడు, "టీ అయిందా?" అని. మొగుడిగా ఉన్న పద్దెనిమిదేళ్ళూ ఎలా పిలిచాడో, మొగుడు కాకుండా పోయాక కూడా అలాగే పిలుస్తున్నాడు.

మసీదు పెద్దల ముందు మీసం దువ్వుకుంటూ మరీ చెప్పాడు, "ఇవాళ్టి నుంచి ఆవిడ నాకు పరాయి ఆడది" అని. గంపలగూడెంలో ఇంకో సంబంధం కుదుర్చుకున్నాడు కదా, ఆ తొందర. తీరా చూస్తే ఆ పరాయి ఆడదాని వసారాలోనే అతని కుట్టు మిషను, చాప, ట్రాన్సిస్టరు. "గిరాకీ అంతా ఈ చోటుకి అలవాటుపడింది, బజారు వదిలి ఎక్కడికి పోతాను?" అంటాడు. ఈ రెండు గదుల పెంకుటిల్లు ఖతీజాబీ తల్లి గేదెల్ని మేపి, పాలమ్మి కట్టుకున్నది. పోయేముందు కూతురి పేర రాసింది. ఆ ఒక్క పని చేసిపోయినందుకు ఖతీజాబీ రోజూ అమ్మ కోసం దువా చేసుకుంటుంది. అయినా తిరువూరులో ఎవర్నడిగినా టైలర్ నాగూర్ ఇల్లనే చూపిస్తారు. "ఇల్లు నీదైతే ఏంటి, బోర్డు మీద పేరు నాది" అని ఎన్నిసార్లు నవ్వాడో. ఆ బోర్డు కింద చొక్కాలకి కాజాలు తీసిందీ, జాకెట్లకి హుక్కులు కుట్టిందీ ఎవరో బోర్డుకి తెలీదు. ఒకసారి వేళ్ళు వాచి సూది పట్టుకోలేకపోతే, "కూర్చుని చేసేది కూడా పనేనా?" అన్నాడు. అత్త ఇమాంబీ అప్పుడు పక్కనే ఉంది. ఒక్క మాటా అనలేదు. అది ఖతీజాబీకి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఖాళీ చెయ్యమని అడగడమూ అయింది. ఏడ్చి ఒకసారి, అరిచి ఒకసారి. "చూద్దాంలే" అన్నాడు, మిషను తొక్కుతూనే. ఇవాళ టీ వడగడుతుంటే అతని మాటే అతనికి అడ్డం తిరిగేలా కనిపించింది. పరాయి ఆడదాన్నే కదా. అయితే పరాయి మగాడికి టీ ఇవ్వడమేంటి, ఎదుటపడటమేంటి? రెండో గ్లాసు కూడా తనే తాగింది. ట్రంకు పెట్టెలోంచి పాత దుప్పటి తీసి గుమ్మానికి అడ్డంగా కట్టింది. కాజాలు తీయమని అతను పడేసిన చొక్కాల మూటని తెర కిందనుంచి బయటికి నెట్టింది.

"ఖతీజా, ఏంటే ఇది? నెమలి ఊరి తిరనాళ్ళకి ఇవ్వాలి ఇవన్నీ!"

ఆమె దుప్పటి ముడి ఇంకాస్త బిగించింది.

వారం తిరక్కుండా గిరాకీ జనం కాజాలు లేని చొక్కాలు పట్టుకుని వసారాలో తగువుకి దిగారు. కాజా తీయడం నాగూర్‌కి చేతకాదన్న సంగతి బజారంతా పాకింది. అతను తల్లికి కబురు పెట్టాడు, వచ్చి దీనికి బుద్ధి చెప్పమని.

శుక్రవారం పొద్దున్నే ఇమాంబీ ఎ.కొండూరు నుంచి బస్సులో వచ్చింది. ఖతీజాబీ తెర వెనక్కి వచ్చి నిలబడింది. కన్నతల్లి కొడుకు పక్షం కాక ఇంకెవరి పక్షం మాట్లాడుతుంది?

"చూడమ్మా, మనిషినని కూడా చూడటం లేదు" అని నాగూర్ మొదలుపెట్టాడు.

"ఎవర్రా ఆవిడ నీకు?" అంది ఇమాంబీ.

నాగూర్ మెడలో టేపు తీసి చుట్టడం మొదలుపెట్టాడు.

"పరాయిదని పెద్దల ముందు నువ్వే అన్నావంటగా. పరాయి ఆడదాని ఇంట్లో నీకేం పనిరా? ఆ పిల్ల వేళ్ళు వాచిననాడు మీ నాన్నకి భయపడి నోరు మూసుకున్నాను. ఆయనా పోయాడు, ఇప్పుడెవరికి భయపడాలి? లే, రిక్షా పిలు."

జుమ్మా నమాజు వేళకి మిషనూ, చాపా, ట్రాన్సిస్టరూ రిక్షా ఎక్కాయి. బోర్డు పీకి కొడుకు ఒళ్ళో పెట్టింది ఇమాంబీయే. రిక్షా బస్టాండు వైపు మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, చెంగుతో మొహం తుడుచుకుని, తెర దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"అమ్మా ఖతీజా, లోపలికి రానా?"

ఈ ఇంట్లోకి ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో. ఈ మాట అడిగిన వాళ్ళు లేరు. ఖతీజాబీకి ఏడుపు తన్నుకొచ్చింది, అమ్మ మీదా, ఈ అత్త మీదా, ఎన్నాళ్ళకో తన మాట విన్న తన చేతుల మీదా పట్టలేనంత ప్రేమతో. దుప్పటి ముడి విప్పింది.

"రండత్తమ్మా" అని, పొయ్యి మీద గిన్నె పెట్టింది. ఈసారి రెండు గ్లాసులూ తెలిసే కొలిచింది.