బలం మాత్రలు

నిడదవోలు దగ్గర ఆ ఆడపిల్లల హాస్టల్లో ఉదయం ఎనిమిదింటికి టిఫిన్ గంట కొడతారు. సరిగ్గా అప్పుడే వరండా గోడమీదికి బేబి నీడ వచ్చేది.

బేబి బెంగళూరులో ఒకరింట్లో వంట చేసేది. కూతురు నాగశ్రీ ఇక్కడ తొమ్మిదో తరగతి. పూటపూటా తను రావడం కుదరదు కనక, పొద్దునా రాత్రీ ఎనిమిది కాగానే నీడని పంపేది. కూతురు మాత్ర మింగి గ్లాసు దించేదాకా ఆ నీడ నిలబడి చూసి, వెళ్ళిపోయేది.

“మీ అమ్మ వచ్చి ఎంతసేపైందే నాగశ్రీ? అలా నిలబెట్టేస్తావేంటి?” అని వార్డెను సూర్యకాంతమ్మగారు వంటింట్లోంచే కేకేసేవారు.

ఏం మాత్రలని ఎవరైనా అడిగితే బలం మాత్రలని చెప్పమంది బేబి. నాగశ్రీకీ అంతే చెప్పింది. జబ్బు పేరు కూతురి చెవిన పడితే ఇంకో చెవికి పాకుతుందనీ, పిల్ల కంచం వేరు చేస్తారనీ ఆమె భయం.

“బలం తినేదానివి, నా బకెట్టు కూడా మొయ్యవే,” అని పక్కమంచం శ్రీదుర్గ ఏడిపించేది. నాగశ్రీ మోసేది కూడా. ఆ ఏడు మండపేటలో కబడ్డీ గెలిచి కప్పుతో వచ్చింది. ఆ పూట మాత్రని అరచేతిలో పెట్టుకుని చూసింది. వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. బలం వచ్చేశాక ఇంకా ఎందుకనుకుంది.

మాత్ర బుగ్గన పెట్టుకుని నీళ్ళు తాగింది. నీడకి నీడే కనిపిస్తుంది. గోడమీద గ్లాసు లేచింది, గొంతు కదిలింది. బేబి నీడ నిశ్చింతగా వెళ్ళిపోయింది. నాగశ్రీ మాత్రని బట్టలుతికే బండ పక్కన ఉమ్మేసింది.

అలా ఏడు నెలలు.

తర్వాత జ్వరం పట్టుకుంది, వదల్లేదు. ఒక ఉదయం గోడమీద కూతురి నీడ కనపడలేదు. నేలమీద మంచం నీడలో కలిసిపోయి పడుంది. బేబి నీడ గోడ దిగి దాని పక్కన కూర్చుంది. ఇక వెళ్ళలేదు.

బెంగళూరులో యజమానురాలు బేబి కాళ్ళ దగ్గర చూసి, “నీడ ఎక్కడ వదిలేశావు? వెళ్ళి తెచ్చుకో, వంట నేను చూసుకుంటాలే,” అంది. బేబి ఆ పూటే రైలెక్కింది.

రాజమండ్రిలో డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూసి, “ఎందుకు మానేశావమ్మా?” అని నాగశ్రీని అడిగారు.

“బలం వచ్చేసింది కదండీ.”

ఆయన బేబి వైపు చూశారు. బేబి తలెత్తలేదు. ఈ మందు ఇక పనిచెయ్యదనీ, వేరే మందు కోసం పైకి రాస్తాననీ, అది ఎప్పుడొస్తుందో చెప్పలేననీ అన్నారు.

బస్టాండు బల్లమీద బేబి కూతురికి జబ్బు పేరు చెప్పింది. మూడు ఇంగ్లీషక్షరాల చిన్న మాట. నాలుగేళ్ళ కిందటే చెప్పాల్సింది. తర్వాత తన సంచిలోంచి అలాంటిదే సీసా తీసి చూపించింది.

“నువ్వూ మింగుతున్నావా?” అంది నాగశ్రీ. “నీ దగ్గరికి ఎవరి నీడ వచ్చేదమ్మా?”

బేబి సీసాని సంచి అడుక్కి తోసేసింది.

హాస్టలుకి తిరిగొచ్చాక, ఎంత లాగినా నీడ ఆ వరండా వదల్లేదు. నీడని వదిలి వెళ్ళలేక బేబి ఆ హాస్టల్లోనే వంటకి కుదిరింది. కొత్త మందు మూడు నెలలకి వచ్చింది. అప్పటికి నాగశ్రీ బకెట్టు శ్రీదుర్గ మోస్తోంది.

ఎనిమిదింటికి టిఫిన్ గంట కొట్టారు. నాగశ్రీ మాత్ర మింగి, అడక్కుండానే నోరు తెరిచి చూపించింది.

“నువ్వూ చూపించు,” అంది.

బేబి నోరు తెరిచింది.