పడ్డ చెట్టు కోత

రంపం మిషను అద్దెకిచ్చే షాపాయన చెప్పిన జాగ్రత్తలన్నీ కోడలు వింది. వినవలసినవాడు మాత్రం వినలేదు. ఆమె భర్త అప్పటికే గట్టి టోపీ నెత్తిన పెట్టుకుని, షాపు గాజుతలుపులో తనెలా ఉన్నాడో చూసుకుంటున్నాడు.

"అందం తర్వాత చూసుకుందురు సార్," అన్నాడు షాపాయన. "గొలుసు తిరిగే ఈ పలక కొసతో కొయ్యకండి, మిషను ఎగిరి మొహమ్మీదికి వస్తుంది. భుజం దాటి పైకెత్తకండి. చెవులకి ఈ డిప్పలు పెట్టుకున్నాక పక్కన పిడుగు పడ్డా మీకు వినపడదు. అందుకని కోసే మనిషిని వెనకనుంచి ఎవ్వరూ ముట్టుకోకూడదు. ఉలిక్కిపడి తిరిగారంటే చేతిలోదీ తిరుగుతుంది. పిలవాలంటే చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, దూరంగా నిలబడాలి. ఇంతకీ చెట్టు నిలబడుందా, పడిందా?"

"మొన్న గాలివానకి పడింది. వేళ్ళతో సహా లేచొచ్చింది," అంది కోడలు.

షాపాయన మొహంలో నవ్వు పోయింది. "అయితే నిలబడున్నదాని కన్నా చెడ్డది తల్లీ. మాను బరువే ఆ వేళ్ళని పైకెత్తి పట్టుకునుంటుంది. మాను కోశాక ఆ బరువుండదు. వేళ్ళ దిమ్మ వెనక్కి వెళ్ళి తన గోతిలో తను కూచుంటుంది. ఒక్కోసారి కోత పూర్తి కాకుండానే కూచుంటుంది. ఆ గోతి వైపు మనిషి కాదు, కోడిపిల్ల కూడా ఉండకూడదు."

"మా ఇంట్లో కోళ్ళు లేవులెండి," అన్నాడు భర్త, మిషను ఎత్తి బరువు చూస్తూ.

పెరట్లో చెట్టు పడి అది మూడో రోజు. మాను పెరడు నిండా అడ్డంగా పడుకునుంది. వేళ్ళూ మట్టీ కలిసిన దిమ్మ మనిషికన్నా ఎత్తున గోడలా లేచి నిలబడింది. దాని వెనక నడుములోతు గొయ్యి. చెట్టు లేస్తూ లేస్తూ వంటింటికి వచ్చే నీళ్ళ పైపును కూడా విరుచుకుపోయింది. ఆ విరిగిన కొస గోతి అడుగున బురదలో కనిపిస్తూ ఉంది.

మామగారు ముప్పై ఏళ్ళు ప్లంబరు పని చేసి మానేసిన మనిషి. ఆ పైపు తన చేత్తో వేసిందే. మూడు రోజులుగా అది ఆయనకు పంటి కింద రాయి. చెట్టు పడిన రోజే వీధి గేటు దగ్గర వాల్వు కట్టేసి, "ముందు నన్ను పైపు చూడనీ," అన్నారు. "ముందు చెట్టు," అన్నాడు కొడుకు. తండ్రీకొడుకుల మధ్య ఏ మాటైనా అలాగే ఉప్పూ నిప్పూలా ఉంటుంది.

"పెన్నుదొర రంపం పట్టాడు," అన్నారు మామగారు, కొడుకు బూట్లు కట్టుకుంటూ ఉంటే. ఆఫీసులో ఫైళ్ళు రాసుకునే కొడుక్కి ఆయన పెట్టిన పేరు అది. "ఇవాళ ఆ చెట్టు నవ్వలేక చస్తుంది."

"మీరు వరండాలో కూచోండి నాన్నా. వెనక్కి రాకండి."

"వస్తే నన్నూ కోస్తావేంట్రా?"

"మామయ్యగారూ, షాపాయన మరీ మరీ చెప్పాడు. ఆ గోతి వైపు..."

"గోతులు తవ్వి నీ మొగుణ్ణి చదివించానమ్మా. గొయ్యంటే నాకు కొత్తా?"

కోడలు వరండాలో కుర్చీ వేసి, చేతికి పేపరిచ్చి, కళ్ళజోడు తెచ్చిచ్చి, ఆయన మొదటి పేజీ తిప్పేదాకా నిలబడి మరీ లోపలికి వెళ్ళింది.

మిషను మొదలైంది. వంటింట్లో గిన్నెలు సన్నగా అదిరాయి. కిటికీలోంచి భర్త వీపు కనిపిస్తూ ఉంది. అతడు దిమ్మకు రెండు బారల ఇవతల నిలబడి, పాదాలు ఎడంగా పెట్టి, మాను మీదికి వంగాడు. ఫరవాలేదు, పలక కొస బయటికే ఉంది. చేతులు నడుం ఎత్తు దాటలేదు. ఆమె బకెట్టు నీళ్ళలో ముంచిన కంచాన్నే మళ్ళీ ముంచి, కడిగిందే కడుగుతూ ఉంది. రంపపు పొట్టు అతడి కాళ్ళ మీద కురుస్తూ ఉంది. అంతా బాగానే ఉంది.

ఎందుకో ఒకసారి వరండాలోకి తొంగి చూసింది. కుర్చీలో పేపరుంది, దాని మీద కళ్ళజోడుంది. కుర్చీ కింద ఎప్పుడూ ఉండే పనిముట్ల సంచి మాత్రం లేదు.

ఆమె తడిచేతులతోనే పెరట్లోకి పరుగెత్తింది. గోతి అంచు పైన మామగారి బట్టతల ఒకటే కదులుతూ ఉంది. కొడుకు చెట్టు కోసేలోగా తను పైపు బిగించేసి చూపించాలనుకున్నారు కాబోలు, పక్కసందులోంచి చడీ చప్పుడు లేకుండా వచ్చి దిగారు. మట్టిదిమ్మ అడ్డం ఉండడంతో కొడుక్కి తండ్రి కనపడడు. తండ్రికి కొడుకు కనపడడు.

ఆమె అరిచింది. తన గొంతు తనకే వినపడలేదు.

భర్త వీపు పది అడుగుల దూరంలో ఉంది. చెయ్యి చాపి చొక్కా పట్టుకు లాగితే క్షణం పని. కాళ్ళు రెండడుగులు వేసేశాయి కూడా. ముట్టుకోకూడదు, ముట్టుకోకూడదు అని తనను తాను కసురుకుని, ఆగిపోయింది. చుట్టూ తిరగాలి. కుడివైపు కొమ్మలు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉన్నాయి. ఎడమవైపు గొయ్యి. గోతి వెనకనుంచి దూరంగా తిరిగి పరుగెత్తింది. పరుగులోనే మామగారికి చేతులు ఊపింది. ఆయన ఆమెను చూశారు. రెంచి పట్టుకున్న చేత్తోనే "ఆగవమ్మా, అయిపోవచ్చింది" అన్నట్టు సైగ చేసి మళ్ళీ వంగారు.

భర్తకు ఎదురుగా వచ్చి, దూరంగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తింది. అతడు తలెత్తడే! కళ్ళన్నీ కోత మీదే. పలక మానులో సగం పైగా దిగింది. ఆమె ఆకులతో ఉన్న చిన్న రెమ్మ ఒకటి తీసి అతడి ముందు నేల మీద పడేటట్టు విసిరింది. అది పక్కకి పోయింది. రెండోది కాళ్ళ ముందు పడింది.

అతడు తలెత్తాడు. ఆమె మొహం చూశాడు. గొలుసు తిరగడం ఆగింది, మిషను ఆగింది. చెవుల డిప్పలు కిందికి లాగాడు.

"ఏమైంది?"

"గోతిలో మామయ్యగారు!"

అతడు పలకను మెల్లగా కోతలోంచి లాగేశాడు. నిశ్శబ్దం కమ్ముకుంది. ఆ నిశ్శబ్దంలో మాను లోపలెక్కడో "చిట్" మంది. కాసేపాగి ఇంకోసారి.

"నాన్నా! బయటికి రండి!"

"అరవకురా, రెండు చుట్లు బిగిస్తే అయిపోతుంది."

"పైపు సంగతి తర్వాత! ముందు పైకి రండి!"

"నువ్వు చెబితే నేను రావాలా? నీ కోత నువ్వు చూసుకో!"

కొడుకు గొంతు పెంచేకొద్దీ తండ్రి ఇంకా కిందికి వంగుతున్నారు. "నేను దిగి లాక్కొస్తాను," అంటూ భర్త కదిలాడు. ఆమె మిషనుకు చేతనైనంత ఎడంగా వచ్చి అతడికి అడ్డం నిలబడింది. ఒకరు చిక్కుకున్న ప్రమాదంలోకి ఇంకొకరెందుకు? కోత నోరు వెంట్రుకవాసి తెరుచుకుంది. దిమ్మ మీదినుంచి మట్టి జలజలా రాలింది.

ఆమె గోతి వైపు తిరిగింది. పెళ్ళై వచ్చి పదకొండేళ్ళు. ఆయనతో ఒక్క అబద్ధం ఆడి ఎరగదు.

"మామయ్యగారూ! వీధి గేటు దగ్గర నీళ్ళు చిమ్ముతున్నాయి! వాల్వు పట్టలేదేమో!"

ఆయన నడుం టక్కున నిటారుగా లేచింది. "నేను కట్టిన వాల్వా?"

"వీధంతా నీళ్ళే!"

"నా చేత్తో కట్టిన వాల్వు పట్టకపోవడమేంటి?" అంటూ ఆయన గోతి అంచు పట్టుకుని, మోకాలు ఊని, డెబ్భై ఏళ్ళ మనిషి ఇరవై ఏళ్ళవాడిలా పైకి పాకారు. బురదకాళ్ళతో ఇద్దరినీ దాటుకుని, వాల్వును తిట్టుకుంటూ సందులోంచి వీధి వైపు పోయారు.

"నువ్వూ ఇటు రా," అన్నాడు భర్త. ఇద్దరూ మెట్ల దాకా వెనక్కి నడిచారు. ఆమె ఎన్ని అడుగులు వేసిందో లెక్కపెట్టుకుంది. పద్నాలుగో అడుగు దగ్గర మాను ఫెళ్ళున విరిగింది. మట్టిగోడ వెనక్కి ఒరిగి, ఏమీ తొందర లేనట్టు తన గోతిలో తను కూచుంది. నేల అదిరింది. నరికిన మొండెం ఆకాశం వైపు లేచి నిలబడింది. గొయ్యి అనేది లేదు.

భర్త మెట్టు మీద కూచున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"చుక్క కారడం లేదు!" మామగారు సందులోంచి కేకలేస్తూనే వచ్చారు. "రాయిలా ఉంది వాల్వు! ఏ కళ్ళతో చూశావమ్మా నువ్వు..."

పెరట్లో అడుగుపెట్టి ఆగిపోయారు. లేచి నిలబడ్డ మొండేన్ని చూశారు. దాని మొదట్లో, తను పైపు బిగిస్తూ కూచున్న చోటు కోసం వెతుక్కున్నారు. చాలాసేపు వెతుక్కున్నారు. తర్వాత వచ్చి మెట్టు మీద, కొడుకు పక్కన కూలబడ్డారు. వాళ్ళిద్దరూ అలా పక్కపక్కన కూచోగా ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆమె గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. దారిలోనే సగం ఒలికిపోయాయి. ఆయన తాగబోతే మిగతావి ఒలికాయి.

"అబద్ధమాడావు," అన్నారు ఆయన గ్లాసులోకి చూస్తూ.

"ఆడాను మామయ్యగారూ."

"ఊఁ." ఖాళీ గ్లాసు పక్కన పెట్టారు. "ఇంకోసారి ఇలాంటిదొస్తే కాస్త ముందుగా ఆడమ్మా."

భర్త ఫక్కున నవ్వబోయాడు. నవ్వు గొంతులోనే విరిగి ఇంకేదో అయింది. మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. తండ్రి బురద చెయ్యి తటపటాయిస్తూ వెళ్ళి అతడి వీపు మీద ఆగింది.